స్కూటర్ బ్రేక్ ఆయిల్ ఇంట్లోనే మార్చడం – లివర్ మెత్తబడింది, ఎవరైనా చేశారా?

గోదారి_గట్టు | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. మాది కాకినాడ. 125 సీసీ స్కూటరు, ముందు డిస్కు, వెనక డ్రమ్ము. కొని ఐదేళ్ళయింది, 31,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే నా ప్రశ్న గాలికిపోయి, మా బండి గొప్పంటే మా బండి గొప్పని మొదలవుద్ది.

నెల రోజుల నుంచి కుడి లివర్ మెత్తబడింది. ఇంతకు ముందు రెండు వేళ్ళతో నొక్కితే సగంలోనే గట్టిగా తగిలేది. ఇప్పుడు ఇంకాస్త లోపలికి పోయాక గానీ పట్టట్లేదు. హ్యాండిల్ మీద డబ్బాకి ఉన్న గాజు కన్నులోంచి చూస్తే ఆయిల్ మా వీధి చివర టీ బండి డికాషన్ రంగులో ఉంది. లెవెల్ కూడా కింది గీత దగ్గరికి వచ్చేసింది. సర్వీసు బిల్లులన్నీ తీసి చూశా, ఐదేళ్ళలో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు.

ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటా. ఇదీ చేసుకోవచ్చా, లేక బ్రేకులతో ఆటలొద్దంటారా?

కరీంనగర్_కిక్కర్ | శుక్రవారం, రాత్రి 10:05

అన్నా, లెవెల్ తగ్గిందని పైకెల్లి పోసేవు, ఆగు. ముందుగాల డిస్కును పట్టుకునే ప్యాడ్లు చూడు. ప్యాడ్ అరిగిన కొద్ది దాన్ని నూకే పిస్టన్ బయటికొస్తది, దాని ఎనక ఖాళీల ఆయిల్ నిండుతది, గందుకే పైన డబ్బల తగ్గుతది. అది లీకు కాదు.

నేను తెల్వక నింపిన. మూడు నెల్లకు కొత్త ప్యాడ్లు ఏసేటప్పుడు పిస్టన్ లోపలికి నూకితే డబ్బ పొంగి హ్యాండిల్ కవర్ మీద కారింది. గుడ్డతోని తుడిచి ఊకున్న. తెల్లారేసరికి పెయింట్ పొక్కులు లేసింది. ఇప్పటికీ బండి ఎవలన్న అడుగుతే కాలిందా అంటరు.

నెల్లూరు_నెమ్మది | శుక్రవారం, రాత్రి 10:20

ఇంత తలనొప్పి ఎందుకండీ? వీధి మొదట్లో మెకానిక్‌కి రెండొందలు పడేస్తే అరగంటలో పని. బ్రేక్ అంటే ప్రాణం. యూట్యూబు చూసి ప్రాణాలతో ప్రయోగాలు అవసరమా?

పాత_పానా | శనివారం, ఉదయం 5:50

నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపి మానేసినవాణ్ణి. నెల్లూరు గారి మాటని కొట్టిపారెయ్యను. కానీ లోపలి మనిషిగా ఒక నిజం చెప్తా. సాయంత్రం పూట షెడ్డులో ఏడు బళ్ళు నిలబడి ఉంటే, చాలామంది కుర్రాళ్ళు చేసేది పైన డబ్బాలో నల్ల ఆయిల్ లాగేసి కొత్తది పొయ్యడం. గాజు కన్నులో తెల్లగా మెరుస్తుంది, ఇచ్చినవాడు సంతోషిస్తాడు. గొట్టంలోనూ, కింద ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్‌లోనూ ఉన్న పాతది అలాగే ఉంటుంది. వేడెక్కేది ఆ కాలిపర్ దగ్గరే. మార్చాల్సిందీ అక్కడిదే.

గోదారి గట్టు గారూ, చేసుకోవచ్చు. ఒక్క షరతు. డబ్బా మూత ముట్టుకునే ముందు కింద కాలిపర్ మీద ఆయిల్ బయటికి తీసే నిపుల్ తెరుచుకుంటుందో లేదో చూడండి. రబ్బరు టోపీ ఉంటుంది దానికి, అది ఊడిపోయిన బళ్ళలో వాననీళ్ళు దిగి నిపుల్ తుప్పు పట్టి బిగుసుకుంటుంది. పైన ఆయిలంతా లాగేశాక కింద నిపుల్ రానని మొరాయిస్తే బండి నడవదు, మెకానిక్ దగ్గరికి తోసుకుపోవాలి. నా దగ్గరికి ఆదివారాలు అలా తోసుకొచ్చినవాళ్ళు బోలెడుమంది.

పాత చేతక్, ప్రియా స్కూటర్ల రోజుల్లో ఈ గోలే లేదు. డ్రమ్ము, కేబులు, ఒక నట్టు. బ్రేకు కూడా అంతంతమాత్రమే అనుకోండి, అది వేరే కథ.

సాగర_తీరం | శనివారం, ఉదయం 8:15

విశాఖ నుంచి. నేను రెండుసార్లు చేశానండీ, ఇంట్లోనే, మా అమ్మాయి సాయంతో. నేను వాడిన సామాను: 8 నంబరు రింగు పానా, స్టార్ స్క్రూడ్రైవర్, మందుల షాపులో 20 మి.లీ. సిరంజి, చేపల తొట్టికి వాడే సన్నటి తెల్ల గొట్టం ఒక మీటరు, ఖాళీ నీళ్ళ సీసా, పాత తువ్వాళ్ళు రెండు, మగ్గు నిండా నీళ్ళు. నీళ్ళు మర్చిపోవద్దు. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది, పెయింట్ మీద పడిన క్షణమే పోసేస్తే ఏమీ కాదు. తుడిస్తే పోదు, కడగాలి.

సెంటర్ స్టాండ్ వేసి, హ్యాండిల్ తిప్పుతూ డబ్బా మూత నేలకి సమంగా ఉండేలా చూసుకోండి. చుట్టూ తువ్వాలు కప్పండి. మూత తీస్తే కింద రబ్బరు ఉంటుంది, అది తీసి పాత ఆయిల్ సిరంజితో లాగండి. అడుగున జిగురులాంటి మడ్డి ఉంటే గుడ్డతో ఎత్తండి. కొత్తది పోయండి. మూత బిగించకపోయినా పైన ఊరికే పెట్టి ఉంచండి, ఎందుకంటే లివర్ నొక్కినప్పుడు డబ్బా అడుగున ఉన్న సన్న రంధ్రంలోంచి ఆయిల్ పైకి చిమ్ముతుంది. మొదటిసారి నా కళ్ళజోడు మీదే పడింది.

కింద నిపుల్‌కి ముందు పానా తొడిగి, ఆ తర్వాత గొట్టం తొడగాలి. గొట్టం రెండో కొస సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి దాంట్లో మునిగేలా పెట్టండి. ఇక్కడి నుంచి ఇద్దరు ఉంటే సుఖం. ఒకరు లివర్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ పావు చుట్టు తెరవాలి, ఆయిల్ జర్రున వస్తుంది, లివర్ హ్యాండిల్‌కి ఆనుతుంది, నిపుల్ మూసెయ్యాలి, అప్పుడు లివర్ వదలాలి. ఈ వరస తప్పితే అంతే సంగతులు.

మా ఇంట్లో తప్పింది. నేను కింద కూర్చుని "అయిందా?" అన్నాను. మా అమ్మాయికి "అయింది" అని వినబడి వదిలేసింది. నిపుల్ ఇంకా తెరిచే ఉంది. గొట్టం కూడా అప్పుడే సీసాలోంచి పైకి తేలి ఉంది. గుడగుడమని గాలి లోపలికి లాగేసుకుంది. పావుగంట పని గంటన్నర అయింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మూడే మాటలు: "నొక్కా", "తెరిచా", "మూశా". నేను "మూశా" అనేదాకా నువ్వు కదలకు అని చెప్పాను. నాలుగో మాట మాట్లాడకూడదు.

గోదారి_గట్టు | శనివారం, ఉదయం 9:02

సాగర తీరం గారూ, ఇంత వివరంగా ఎవరు చెప్తారండీ! ప్యాడ్లు చూశా, సగం పైనే ఉన్నాయి. నిపుల్ మీద రబ్బరు టోపీ లేదు. పాత పానా బాబాయ్ గారు చెప్పినట్టే తుప్పు.

ఇంకో అనుమానం. నా బండికి ఎడమ లివర్ నొక్కినా ముందు డిస్కు కొంచెం పడుతుంది. అంటే ఎడమ వైపు కూడా ఆయిల్ ఉంటదా? రెండు చోట్లా మార్చాలా?

బెంగళూరు_బ్యాటరీ | శనివారం, ఉదయం 9:30

అది సీబీఎస్, అంటే ఒక్క లివర్ నొక్కితే రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా అన్ని బళ్ళకీ సీబీఎస్ గానీ, చక్రం పట్టెయ్యకుండా చూసే ఏబీఎస్ గానీ ఉండి తీరాలన్నారు కదా. మీలాంటి డిస్కు-డ్రమ్ము స్కూటర్లలో ఎక్కువగా ఎడమ లివర్ కేబుల్‌ని లాగుతుంది. అది వెనక డ్రమ్మునీ లాగుతుంది, ఇంకో కేబుల్‌తో కుడి వైపు డబ్బా కింద ఆయిల్‌ని గొట్టంలోకి తోసే మాస్టర్ సిలిండర్‌నీ నెడుతుంది. ఎడమ లివర్ దగ్గర డబ్బా లేకపోతే ఆయిల్ ఉన్నది కుడి వైపు ఒక్క చోటే. అదొక్కటి చేస్తే చాలు.

నాది ఏథర్ 450, ముందూ వెనకా డిస్కులే. రెండు డబ్బాలు, రెండు నిపుల్స్, పని రెట్టింపు. బ్యాటరీ బండిలో మోటారే సగం బ్రేకు వేస్తుంది కాబట్టి ఆయిల్ మార్చక్కర్లేదని మా ఆఫీసులో ఒకాయన వాదన. వేడి తక్కువ, నిజమే. కానీ ఆయిల్ పాడయ్యేది వేడితో మాత్రమే కాదు, గాల్లో తేమని పీల్చుకుని. బండి కదలకుండా ఇంట్లో పడున్నా పీల్చుకుంటూనే ఉంటుంది.

ఏది కొనాలో కూడా చెప్పేస్తా. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ గ్రేడు అచ్చు ఉంటుంది, అదే కొనండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. అదే 3.7 శాతం నీళ్ళు కలిసేసరికి డాట్ 3 పరిమితి 140కి, డాట్ 4ది 155కి పడిపోతుంది. డాట్ 5.1 ఇంకా మెరుగు, కొత్తదానికి 260, నీళ్ళు కలిశాక 180. ఈ మూడూ ఒకే జాతి. డాట్ 5 మాత్రం వేరే, అది సిలికాన్. 5కీ 5.1కీ పేరులో చుక్కంతే తేడా, లోపల సరుకు పూర్తిగా వేరు. వీటితో కలపకూడదు.

నెల్లూరు_నెమ్మది | శనివారం, ఉదయం 10:11

సరే, ఒప్పుకుంటా. కానీ ఊళ్ళో తిరిగే బండికి 155 డిగ్రీలు ఎప్పుడొస్తాయండీ? పాల ప్యాకెట్‌కి పోయొచ్చే బండికి రేస్ బండి లెక్కలా?

అలిపిరి_అంచు | శనివారం, ఉదయం 11:45

వస్తాయి సామీ, నాకు వచ్చినాయి. మాది తిరుపతి. పోయిన ఎండాకాలం కొండ దిగతా ఉండాము, మొదటి ఘాట్ రోడ్డులో. నేను, నా భార్య, ముందర లగేజీ. నాలుగేండ్లుగా ఆయిల్ మార్చలేదు. స్కూటర్‌లో గేర్లు లేవు కదా, దిగేటప్పుడు ఇంజన్ పట్టుకోదు. వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, ఇంక బండి మొత్తం బ్రేకు మీదనే. నేను పైనుంచి లివర్ వదలకుండా పట్టుకునే దిగినాను, అదీ తప్పే.

సగం పైన దిగినాక ఒక మలుపులో లివర్ నొక్కితే వచ్చి హ్యాండిల్‌కి తగిలింది. బ్రేకు లేదు. ఎడమది కూడా నొక్కి, కాళ్ళు రోడ్డుకి ఆనించి, పక్కన గోడ దగ్గర నిలబెట్టినాను. నా భార్య ఏమీ అనలేదు, గోవింద నామం కూడా ఆపేసింది. డిస్కు మీద నీళ్ళ చుక్క పడితే చుయ్యిమనింది. అరగంట కూర్చున్నాము. చల్లారినాక నొక్కితే లివర్ మళ్ళా మామూలే! ఏమీ జరగనట్టు గట్టిగా ఉంది. అప్పుడు భయమేసింది అసలు.

లోపల ఉండే నీళ్ళు ఆవిరైనాయని తర్వాత మెకానిక్ చెప్పినాడు. ఆయిల్‌ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, అందుకే లివర్ ఊరికే లోపలికి పోయింది. పాల ప్యాకెట్ బండే అది కూడా. సంవత్సరంలో ఒక్కరోజు కొండెక్కింది, అంతే.

నెల్లూరు_నెమ్మది | శనివారం, మధ్యాహ్నం 12:02

…నాదీ మూడేళ్ళయింది. మేమూ వచ్చే నెల కొండకి బండి మీదే అనుకుంటున్నాం. ఈ టాపిక్ చదువుతూ ఉంటాను.

కరీంనగర్_కిక్కర్ | శనివారం, మధ్యాహ్నం 12:30

ఇంకో ముచ్చట. మా ఊర్ల ఒకాయన "గిది ఆయిలే, గది ఆయిలే" అని డబ్బల ఇంజన్ ఆయిల్ పోసిండు. రెండు రోజులు మంచిగనే నడిచింది. మూడోనాడు ముందు చక్రం పట్టేసింది, తోస్తె కూడ కదలదు. లోపలి రబ్బర్లు ఇంజన్ ఆయిల్‌కు ఉబ్బుతయట. మాస్టర్ సిలిండర్ల రబ్బరు ఉబ్బి ఆయిల్ ఎనకకు రాకుండ అడ్డం పడ్డది. మాస్టర్ సిలిండర్, కాలిపర్ రబ్బర్లు, గొట్టం, అన్ని కొత్తయి ఏసిండ్రు. "బ్రేక్ ఆయిల్" అని పిలుసుడే మోసం. దాంట్ల నూనె చుక్క కూడ ఉండదు.

గోదారి_గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

మొదలెట్టా. సగంలో ఉన్నా. చేతులు కడుక్కుని రాస్తున్నా.

డాట్ 4 సీసా 250 మి.లీ. తెచ్చా, చిన్నది దొరకలేదు. ముందు నిపుల్. తుప్పు వదిలించే స్ప్రే రాత్రే కొట్టి ఉంచా. పొద్దున్న మామూలు పానా పెట్టి తిప్పితే జారి అంచులు కొంచెం అరిగాయి, గుండె ఆగినంత పనయింది. అక్కడే ఆపి, రింగు పానా తెచ్చి, నిపుల్ నెత్తి మీద చిన్న సుత్తితో టక్ టక్ మని నాలుగు దెబ్బలు మెల్లగా వేసి, మళ్ళీ తిప్పా. టిక్ మని వదిలింది! వెంటనే మూసేశా.

తర్వాత డబ్బా మూత. రెండు స్క్రూల్లో ఒకటి వచ్చింది, రెండోదాని స్టార్ గాడి అరిగిపోయి గుండ్రమైపోయింది. ఇప్పుడెలా?

పాత_పానా | ఆదివారం, మధ్యాహ్నం 1:22

ఆగండి. ఇంకో తిప్పు తిప్పకండి. ఆ స్క్రూలు మెత్తటివి, మనం వాడే స్క్రూడ్రైవర్ మొన వాటికి సరిగ్గా కూర్చోదు. మొన కొంచెం పెద్ద సైజుది తీసుకుని, స్క్రూ మీద నిలువుగా పెట్టి, వెనక సుత్తితో రెండు దెబ్బలు గట్టిగా కొట్టండి. గాడి మళ్ళీ ఏర్పడుతుంది, లోపల మర కూడా వదులవుతుంది. ఆ తర్వాత బరువంతా వేసి అదిమి, కొంచెమే తిప్పండి. రాకపోతే తల పక్కలు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పొచ్చు. షాపులో కొత్త స్క్రూలు దొరుకుతాయి, ఆ పాతది మళ్ళీ వెయ్యకండి.

గోదారి_గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

వచ్చింది బాబాయ్! రెండో దెబ్బకే.

మా తమ్ముడు లివర్ దగ్గర, నేను కింద. "నొక్కా, తెరిచా, మూశా." మొదట వచ్చింది డికాషన్ కాదండీ, బురద. గొట్టంలో చూస్తుంటే గోధుమ రంగు, తర్వాత బెల్లం రంగు, పదిహేనోసారికి లేత పసుపు. ప్రతి నాలుగు నొక్కులకీ పైన పోసుకుంటూ వచ్చా. ఒక్కసారి మా తమ్ముడు ఫోన్ ఎత్తాడు. నేను పైకి చూసేసరికి డబ్బాలో ఆయిల్ అడుగంటింది. గాలి వెళ్ళిందో లేదో తెలీదు.

మొత్తం అయ్యాక లివర్ మునుపటికంటే మెత్తగా ఉంది. నొక్కుతుంటే స్పాంజి నొక్కినట్టే ఉంది. మళ్ళీ ఇరవైసార్లు తీశా, గొట్టంలో బుడగలు కూడా రావట్లేదు. ఎక్కడ దాక్కుంది ఇది?

సాగర_తీరం | ఆదివారం, సాయంత్రం 4:05

మీ గాలి కింద లేదండీ, పైనే ఉంది. డబ్బా ఎండినప్పుడు దూరింది కదా, గాలి పైకే పోతుంది. మాస్టర్ సిలిండర్‌లో, గొట్టం బిగించిన బోల్టు దగ్గర నిలిచిపోతుంది. కింద నుంచి ఎంత తీసినా అక్కడిదాకా లాగదు. మూత తీసి, లివర్‌ని పూర్తిగా కాదు, ఒక అర సెంటీమీటరు మాత్రం నొక్కి వదులుతూ ఉండండి. నెమ్మదిగా. డబ్బా అడుగున రంధ్రం వైపు చూడండి. ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటీ పైకి వస్తాయి. గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో కింద నుంచి పైకి తడుతూ రండి.

పాత_పానా | ఆదివారం, సాయంత్రం 4:30

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. బుడగలు ఆగాక మూత పెట్టి, లివర్‌ని హ్యాండిల్‌కి లాగి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి రాత్రంతా వదిలెయ్యండి. మిగిలిన చిన్న చిన్న బుడగలు ఒకచోటికి చేరతాయి, పొద్దున్న విప్పగానే డబ్బాలోకి వచ్చేస్తాయి. నిపుల్‌ని మరీ బిగించకండి. చిటికెన వేలంత ఉంటుంది అది, మీ బలమంతా చూపిస్తే తెగి కాలిపర్‌లో ఉండిపోతుంది. కొత్త రబ్బరు టోపీ పెట్టండి, పది రూపాయలు కూడా కాదు.

ఆయిల్ చుక్క డిస్కు మీద గానీ ప్యాడ్ల మీద గానీ పడిందా? డిస్కు అయితే స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. ప్యాడ్ తాగేస్తే మాత్రం కడిగి వాడుకుందామనుకోకండి, మార్చండి.

గోదారి_గట్టు | సోమవారం, ఉదయం 7:20

పొద్దున్నే లేచి పళ్ళు కూడా తోముకోకుండా ట్యూబు విప్పా. లివర్ రాయిలా ఉంది! సగం కూడా పోవట్లేదు, రెండు వేళ్ళకి టక్కున ఆగుతోంది. ఇంజన్ ఆపి సందులో తోసుకుంటూ నొక్కి చూశా, తర్వాత నిపుల్ దగ్గర తడి ఉందేమోనని పొడి కాగితం చుట్టి చూశా, పొడిగానే ఉంది. ఆ తర్వాతే ఎక్కా. ఖాళీ రోడ్డులో 20 మీద, 30 మీద పట్టి చూశా. బండి ముక్కు వంగి ఆగింది. ఈ బండి కొన్నప్పుడు ఇలా ఆగేదని మర్చిపోయా.

సీసాలో 120 మి.లీ. దాకా మిగిలింది. దాచుకోవచ్చా? పాత ఆయిల్ ఎక్కడ పారబొయ్యాలి?

బెంగళూరు_బ్యాటరీ | సోమవారం, ఉదయం 8:10

మిగిలింది మీ తమ్ముడి బండికో పక్కింటివాళ్ళ బండికో ఈ వారంలోనే వాడెయ్యండి. సీల్ తీశాక అది సీసాలో కూర్చునే తేమ తాగుతుంది, రెండేళ్ళ తర్వాత దాన్ని పోస్తే పాతది తీసి పాతది పోసినట్టే. పాతది కాలవలో పొయ్యకండి. వాడిన ఇంజన్ ఆయిల్ డబ్బాలో కూడా కలపకండి, అది కొనేవాళ్ళకి ఇది పనికిరాదు. వేరే సీసాలో మూత బిగించి, పేరు రాసి, మీరు సర్వీసుకి వెళ్ళే చోట ఇవ్వండి. నీళ్ళలా కనబడుతుంది, విషం, పిల్లలకి అందనివ్వకండి.

నెల్లూరు_నెమ్మది | సోమవారం, ఉదయం 8:40

గోదారి గట్టు గారూ, ఆ 120 మి.లీ. కాకినాడ నుంచి నెల్లూరుకి పంపుతారా అని అడగబోయి ఆగాను. నేను మెకానిక్ దగ్గరే చేయిస్తాను, కానీ ఈసారి స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంటాను. కింద నిపుల్‌కి గొట్టం తగిలించేదాకా లేవను.

గోదారి_గట్టు | తరువాతి శనివారం, సాయంత్రం 6:25

వారం తర్వాతి సంగతి. బ్రేకు అద్భుతంగా ఉంది. కానీ డబ్బా అంచున రోజూ సన్నగా తడి. ఇవాళ మూత తీసి చూస్తే లోపలి రబ్బరు ఒక మూల మడత పడి ఉంది, ఆదివారం కంగారులో చూసుకోలేదు. సరిచేసి కొత్త స్క్రూలతో బిగించా. తడి ఆగింది.

హ్యాండిల్ కవర్ మీద మాత్రం రూపాయి బిళ్ళంత పెయింట్ లేచింది. కరీంనగర్ అన్నా, నీ బండి పక్కన పెట్టి ఫొటో తీసుకుందాం రా.

కరీంనగర్_కిక్కర్ | శనివారం, రాత్రి 7:10

మగ్గుల నీళ్ళు పెట్టుకోలేదా అన్నా?

గోదారి_గట్టు | శనివారం, రాత్రి 7:12

పెట్టుకున్నా. మా తమ్ముడు కాళ్ళు కడుక్కున్నాడు వాటితో.